విజయనగరంలో అద్దె ఇల్లు వెతుకుతున్నాం, మా ఆవిడది రాత్రి డ్యూటీ. ఏ వీధి నయం?

కొత్త అద్దెదారు | సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నాకు విజయనగరం ట్రాన్స్‌ఫర్ అయింది, వచ్చే నెలలో సామాన్లతో దిగిపోవాలి. మా ఆవిడ స్టాఫ్ నర్సు. ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. నెలకి ఏడెనిమిది నైట్ డ్యూటీలు ఉంటాయట. మధ్యాహ్నం షిఫ్టు అయితే దిగి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. నాకేమో నెలలో పది రోజులు క్యాంపులు. అంటే ఇంట్లో మా అమ్మ, ఆరేళ్ళ పిల్లాడు మాత్రమే ఉండే రాత్రులు తప్పవు.

బ్రోకరు కంటోన్మెంట్, బాబామెట్ట, తోటపాలెం, గాజులరేగ వైపు ఇళ్ళు చూపించాడు. ప్రతి ఇంటి ముందూ ఒకటే పాట, "చాలా డీసెంట్ ఏరియా సార్" అని. ఆఫీసులో అడిగితే ఒకాయన ఇటు వద్దంటాడు, ఇంకొకాయన అటు వద్దంటాడు. ఎందుకండీ అంటే ఇద్దరూ చెప్పరు. ఏరియాల వారీగా నేరాల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయా? లేకపోతే మీకు తెలిసినది చెప్పండి. టెన్షన్ గా ఉంది.

మూడు లాంతర్లు | సోమవారం, రాత్రి 9:05

రాజమండ్రి నుంచి వచ్చి మా ఊరి గురించి టెన్షన్ ఏటి బాబూ! మాది సంగీతం, చదువు పుట్టిన ఊరు. మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు, మీకు తెలిసే ఉంటుంది. మా చిన్నప్పుడు కోట చుట్టుపక్కల వీధుల్లో ఎండాకాలం అరుగుల మీదే పడుకునేవాళ్ళం, తలుపులు బార్లా తీసి. దొంగ అన్నవాడిని నేను కథల్లోనే విన్నాను.

నాకు తెలిసి ఈ ఊరు నిజంగా భయపడింది 2013 అక్టోబరులో, సమైక్యాంధ్ర గొడవలప్పుడు కర్ఫ్యూ పెట్టినప్పుడు. పాలపాకెట్టుకి బయటికి రావాలన్నా సడలింపు ఎప్పుడా అని చూడాల్సి వచ్చింది. అది తప్ప మాది నెమ్మది ఊరు. ఎక్కడ తీసుకున్నా ఫర్వాలేదు.

సిక్కోలు కుర్రాడు | సోమవారం, రాత్రి 9:11

పెద్దాయనా, అరుగుల మీద పడుకున్న రోజుల్లో ఇంట్లో ఎత్తుకుపోడానికి ఏముండేది? కుండ, చాప!

మూడు లాంతర్లు | సోమవారం, రాత్రి 9:14

సిక్కోలు వాళ్ళు ముందు ఏడు రోడ్ల జంక్షన్ లో రోడ్డు ఎలా దాటాలో నేర్చుకుని అప్పుడు రండి.

లెక్కల మేష్టారు | సోమవారం, రాత్రి 10:02

కొత్త అద్దెదారు గారూ, మీరు అడిగిన లెక్కలు వీధుల వారీగా దొరకవు. ఏటా జాతీయ నేర గణాంకాల సంస్థ వేసే నివేదికలో నగరాల పట్టిక ఉంటుంది గాని అది పెద్ద నగరాలకే. మన ఊరు అందులో ఉండదు. జిల్లా మొత్తం కలిపి అంకెలు దొరుకుతాయి. వాటిని చూసి ఇల్లు తీసుకుంటే మాత్రం మోసపోతారు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. క్లాసు పీకుతున్నానని తిట్టుకోకండి.

నేరాల రేటు అంటే లక్ష మందికి ఎన్ని కేసులు అని. మీరు చూసిన వీధిలో 400 మంది ఉన్నారనుకోండి. ఏడాదిలో ఒక దొంగతనం జరిగింది. రేటు కడితే లక్షకి 250. వినడానికి గుండె గుభేలుమంటుంది. మరుసటి ఏడాది రెండు జరిగితే "ఆ వీధిలో నేరాలు రెట్టింపు" అని ఎవరో ఒకరు అంటారు. జరిగింది ఇంకో సైకిల్ పోవడమే అయ్యుండొచ్చు. చిన్న చోటికి రేటు కట్టకూడదు అంటాను నేను.

రెండోది, కేసు రాసేది నేరం ఎక్కడ జరిగిందో ఆ స్టేషన్ పరిధిలో. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర జేబు పోగొట్టుకున్నవాడిది చీపురుపల్లి కావచ్చు, గజపతినగరం కావచ్చు. కేసు మాత్రం టౌన్ ఖాతాలో పడుతుంది. బస్టాండు, రైల్వే స్టేషన్, మార్కెట్ ఉన్న చోట కేసులు ఎక్కువ ఉంటే అక్కడ కాపురం ఉండేవాళ్ళు దొంగలనీ కాదు, వాళ్ళ ఇళ్ళు దోచుకుంటున్నారనీ కాదు.

మూడోది మన జిల్లాకే ప్రత్యేకం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు కదా. పార్వతీపురం వైపంతా మన్యం జిల్లాలోకి పోయింది. శ్రీకాకుళం నుంచి రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మనకి వచ్చాయి. అంతకుముందు అంకెకి తర్వాతి అంకెకి పోలిక పెట్టి "విజయనగరంలో నేరాలు తగ్గాయి" అంటే అది పొలం అమ్ముకుని దిగుబడి తగ్గిందనడం లాంటిది.

ఇంకోటి కూడా ఉంది. ఒకే ఎఫ్ఐఆర్ లో నాలుగు నేరాలుంటే ఆ నివేదికలో పెద్ద నేరం ఒక్కటే లెక్కకొస్తుంది. ఇంట్లో జొరబడి, కొట్టి, దోచుకుని, చంపేస్తే అది హత్యల్లోకి పోతుంది. దోపిడీల వరసలో కనపడదు.

పాసింజర్ బండి | సోమవారం, రాత్రి 10:30

మేష్టారు చెప్పినదానికి నేనే ఉదాహరణ. పదకొండేళ్ళుగా రోజూ వైజాగ్ వెళ్ళొస్తున్నాను. పొద్దున్న స్టేషన్ బయట బండి పెట్టి రైలెక్కేవాణ్ణి, పార్కింగ్ కి ఇచ్చే డబ్బులు మిగులుతాయని. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి దిగి చూస్తే బండి లేదు. హ్యాండిల్ లాక్ కూడా వెయ్యలేదు, తప్పు నాదే. నేనుండేది ధర్మపురి వైపు. పోయింది స్టేషన్ దగ్గర. ఇప్పుడు నా బండి ఏ ఏరియా లెక్కలోకి వస్తుందో మీరే చెప్పండి. దొరకలేదు, అడక్కండి.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 10:48

ఒక పోస్టు తీసేశాం. ఫలానా పేట వాళ్ళంతా అలాంటివాళ్ళు, ఫలానా కులం వాళ్ళున్న వీధి వద్దు అనే రాతలు ఇక్కడ నడవవు. మీకు జరిగింది రాయండి, చూసింది రాయండి. ఊరి మీద, వీధి మీద ముద్ర వెయ్యకండి.

అయ్యకోనేరు గట్టు | మంగళవారం, ఉదయం 11:20

నిన్న రాత్రి తీసేసిన పోస్టు నేను చదివాను. నవ్వొచ్చింది. ఆయన "వద్దు" అన్న పేటలో మా పనమ్మాయి ఉంటుంది. వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ ఏదీ పోలేదు. ఆయన "డీసెంట్" అన్నటువంటి వీధిలో ఉన్న మా ఇల్లే పోయింది.

రెండు సంక్రాంతుల కిందటి మాట. భోగి ముందు రోజు బొబ్బిలి దగ్గర మా అమ్మగారి ఊరు వెళ్ళాం. ముక్కనుమ అయ్యాక మర్నాడు పొద్దున్నే వచ్చాం. ఆటో వీధి మలుపు తిరగ్గానే నాకు ఏదోలా అనిపించింది. వీధి మొత్తం రంగుల ముగ్గులు, రథం ముగ్గులు, గొబ్బెమ్మలు ఎండిపోయి ఉన్నాయి. మా గుమ్మం ఒక్కటే బోసిగా ఉంది. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో మనిషి లేదని మేమే చాటింపు వేసినట్టు ఉంది. పాలబ్బాయికి చెప్పడం మర్చిపోయాను. గేటు లోపల పాకెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకటి పగిలి, గచ్చు మీద చీమల బారు.

తాళం వేసింది వేసినట్టే ఉంది. పన్నెండు వందలు పెట్టి కొన్న తాళం. గీత పడలేదు దానికి. గొళ్ళెమే చెక్కతో సహా ఊడి కింద వేలాడుతోంది. ఇల్లు కట్టినప్పుడు వడ్రంగి బిగించిన గొళ్ళెం, మూడు చిన్న స్క్రూలు. వేలి గోరంత ఉన్నాయి. ఆ మూడు స్క్రూలని నమ్ముకుని అన్నేళ్ళు నిద్రపోయాం.

లోపల బీరువా కంటే ముందు వంటిల్లే వెతికినట్టున్నారు. బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు, పోపు డబ్బాతో సహా బోర్లించేశారు. ఆడవాళ్ళు బంగారం ఎక్కడ దాస్తారో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. రెండు పేటల గొలుసు, పాప జూకాలు, మా అత్తగారి కాసులు నాలుగు. అంతా కలిపి అయిదు తులాల లోపే.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. "స్టేషన్ మెట్లెక్కితే పరువేం కాను" అని మా అత్తగారు. స్టేషన్లో ఏమో "ఇంట్లోనే ఎక్కడో పెట్టి మర్చిపోయారేమో, నిదానంగా చూసుకుని రండమ్మా" అని. గొళ్ళెం ఫోటో చూపించినా అదే మాట. మూడోసారి మా తమ్ముడిని వెంటపెట్టుకుని వెళ్తే గాని కాగితం తీసుకోలేదు.

ఆ ఏడాది మా వీధిలో మొత్తం మూడు పోయాయి. మా బంగారం, వెనక ఇంటివాళ్ళ మోటారు సైకిల్, ఎదురింటి డాబా మీద పెట్టిన గ్యాస్ బండ. కాగితం మీదికి ఎక్కింది మాది ఒక్కటే.

సిక్కోలు కుర్రాడు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

ముగ్గు విషయం చదివాక మా వదినకి ఫోన్ చేసి చెప్పానక్కా. ఇన్నాళ్ళూ ఫేస్‌బుక్ లో "ఊరెళ్తున్నాం" అని ఫోటోలు పెట్టొద్దని మాత్రమే చెప్పేవాణ్ణి.

రిటైర్డ్ రైటర్ | మంగళవారం, సాయంత్రం 6:15

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను పోలీస్ శాఖలో ముప్పై ఏళ్ళ పైన చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్ని, అంటే కేసుల కాగితాలు రాసేవాణ్ణి. ఏ జిల్లా, ఏ స్టేషన్ అన్నది చెప్పను.

ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. "దొంగిలించారు" అని రాసుకొచ్చిన కాగితాన్ని "పోయింది" అని మార్చి రాయించినవాళ్ళలో నేనూ ఉన్నాను. సెల్ ఫోన్లు, పర్సులు, పాత సైకిళ్ళు. "పోయింది" అంటే జీడీలో, అంటే స్టేషన్ డైరీలో, ఒక ఎంట్రీ, చేతికి ఒక రసీదు, అంతే. "దొంగిలించారు" అంటే ఎఫ్ఐఆర్, దర్యాప్తు, నెలాఖరు మీటింగులో పై అధికారికి జవాబు. కేసులు పెరిగితే "మీ స్టేషన్లో క్రైమ్ పెరిగింది" అని అక్షింతలు పడతాయి. రాయకపోతే అడిగేవాడు లేడు. అందరూ అలా చేస్తారనను. నేను చేశాను.

అందుకని కొత్తగా వచ్చే ఆయనకి చెప్పేదేంటంటే, ఒక స్టేషన్లో కేసులు ఎక్కువ కనపడితే అక్కడి వాళ్ళు వచ్చిన కాగితాన్ని వచ్చినట్టు రాస్తున్నారేమో కూడా. మేష్టారు లెక్క వైపు నుంచి చెప్పారు, నేను కలం వైపు నుంచి చెప్తున్నాను.

ఇప్పుడు పనికొచ్చేవి రాస్తాను. 2024 జులై 1 నుంచి పాత చట్టాలు పోయి కొత్తవి వచ్చాయి. ఇంట్లో దొంగతనం భారతీయ న్యాయ సంహితలో 305. తాళం పగలగొట్టి జొరబడినందుకు 331 కూడా పడుతుంది. మెడలో గొలుసు లాక్కుపోవడానికి 304 అని విడిగా సెక్షన్ పెట్టారు, పాత ఐపీసీలో అది లేదు. ఫిర్యాదు ఏ స్టేషన్లో ఇచ్చినా తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్ లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు.

స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. పోలీసులు జోక్యం చేసుకోదగ్గ నేరమని ఫిర్యాదులో కనపడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. ఇప్పుడు మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే కొన్ని నేరాలకి డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు ఇచ్చారు. ఆ పేరు చెప్పి నెలల తరబడి తిప్పితే మాత్రం ఒప్పుకోకండి.

ఇంకో సంగతి. ఇల్లు పోయిందని తెలియగానే అందరూ చేసే పని లోపలికి పరిగెత్తి బీరువా తలుపు పట్టుకోవడం. తర్వాత క్లూస్ టీం వచ్చి పౌడరు జల్లితే దొరికేవి మీ వేలిముద్రలే. గుమ్మం దగ్గరే ఆగి 112కి ఫోన్ చెయ్యండి. నగలకి బిల్లులు ఎవరి దగ్గరా ఉండవు. పెళ్ళి ఆల్బం తీసుకెళ్ళండి. మెడలో గొలుసు కనపడే ఫోటో ఒకటి చాలు, సొమ్ము దొరికినప్పుడు ఇది నాదే అని చెప్పడానికి.

అయ్యకోనేరు గట్టు | మంగళవారం, సాయంత్రం 6:50

మీరు ఒప్పుకున్నందుకు కోపం రావాలి. రాలేదు రైటర్ గారూ. మా కేసు ఇంకా అలాగే ఉంది. పెళ్ళి ఆల్బం మాట ఎవరూ చెప్పలేదు, ఇవాళే తీసి పక్కన పెడతాను.

నైట్ డ్యూటీ | మంగళవారం, రాత్రి 11:10

నేనూ నర్సునే. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే. కొత్త అద్దెదారు గారూ, మీరు దొంగతనాల గురించి అడుగుతున్నారు గాని మీ ఆవిడ అడిగేది వేరు. రాత్రి తొమ్మిదిన్నరకి ఆటో దిగాక గుమ్మం దాకా ఎన్ని అడుగులు, ఆ అడుగుల్లో ఎవరు కనపడతారు? మాకు అదీ లెక్క.

మొదట్లో నేను ఒక కొత్త కాలనీలో ఉండేదాన్ని. పెద్ద పెద్ద ఇళ్ళు, ఎత్తు గేట్లు, ఏసీలు. ఎనిమిదింటికల్లా అన్ని తలుపులూ మూసేసేవారు. మధ్యలో ఖాళీ ప్లాట్లు, తుమ్మ చెట్లు. నాకు అక్కడ ఏమీ జరగలేదు, దేవుడి దయ. కానీ రోజూ ఆ రెండు వందల అడుగులూ తాళం చెవి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని నడిచేదాన్ని. చెయ్యి చెమట పట్టేది.

ఇప్పుడుండేది ఇరుకు వీధి. బండి తిప్పడానికి చోటుండదు. అయితే మలుపులో ఇడ్లీ బండి ఆయన పదకొండు దాకా ఉంటాడు. ఆయన పెనం కడుక్కునే టైముకి పక్కన ఇస్త్రీ బడ్డీ ఆయన ఇంకా బట్టలు మడతపెడుతూ ఉంటాడు. తెల్లారి నాలుగుకి పాల డిపో తెరుస్తారు. "ఏమ్మా, ఇవాళ లేటయింది" అని ఎవరో ఒకరు అంటారు. మొదట్లో చిరాకుగా ఉండేది, అందరికీ నా టైములు ఎందుకని. ఆ చిరాకు ఇంకా పూర్తిగా పోలేదు కూడా. కానీ ఒకసారి ఎవరో బండి మీద వెంట వచ్చి "అడ్రస్ అడగాలి" అని ఆపితే ఇడ్లీ బండాయన గరిటె పట్టుకునే వచ్చి "ఏ అడ్రస్ బాబూ, నాకు చెప్పు" అన్నాడు. వాడు మళ్ళీ కనపడలేదు.

శక్తి యాప్ ఫోన్లో వేసుకోమనండి. 2025 మార్చిలో వచ్చింది, అంతకుముందు 2020 నుంచి దిశ యాప్ ఉండేది. ఆపద అనిపిస్తే నొక్కడానికి ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది. సిగ్నల్ ఉన్న చోట ఒకసారి తెరిచి, నంబరు నమోదు చేసి ఉంచుకోవాలి. భయం వేసినప్పుడు ఓటీపీ కోసం కూర్చోలేం కదా. మహిళల హెల్ప్‌లైన్ 181.

మనుషుల కంటే కుక్కలకే భయపడాల్సిన వీధులు కూడా ఉన్నాయి. అది వేరే థ్రెడ్ పెట్టాలి.

పాసింజర్ బండి | బుధవారం, ఉదయం 6:20

కుక్కల థ్రెడ్ పెడితే మొదటి పోస్టు నాదే. లాస్ట్ బస్సు దిగి నడిచేవాళ్ళకి తెలుసు.

వీధి దీపం | బుధవారం, ఉదయం 9:45

నర్సమ్మ చెప్పిన ఆ రెండు వందల అడుగుల మీద నేను మూడేళ్ళుగా పని చేస్తున్నాను, జీతం లేకుండా. మా వీధిలో తొమ్మిది స్తంభాలు. ఎల్ఈడీ దీపాలు వేశారు, బానే ఉన్నాయి. ఎటొచ్చీ వీధి చివర రెండు స్తంభాలకి మధ్య కానుగ చెట్టు గుబురుగా పెరిగి వెలుతురంతా కొమ్మల పైనే ఆగిపోయింది. కింద చీకటి. అర్జీ పెడితే "దీపం వెలుగుతోంది కదా" అని మూసేశారు. నిజమే, వెలుగుతోంది, కాకులకి! చివరికి రాత్రి ఎనిమిదింటికి ఆ చెట్టు కింద నిలబడి, చేతిలో పేపరు పట్టుకుని, అక్షరాలు కనపడకుండా ఫోటో తీసి పురమిత్ర యాప్ లో పెట్టాం. రెండు కొమ్మలు కొట్టారు.

వార్డు సచివాలయంలో మహిళా పోలీస్ అని ఒక అమ్మాయి ఉంటుంది, 2019 నుంచి. చాలామందికి ఆ సంగతే తెలీదు. ఇల్లు తీసుకున్నాక మీ అమ్మగారిని తీసుకెళ్ళి ఒకసారి పరిచయం చేసుకోండి.

ఇక సీసీ కెమెరాల కథ. ఇంటికింత అని పోగుచేసి నాలుగు కెమెరాలు పెట్టాం. రిబ్బన్ కటింగ్ కూడా చేశాం. ఏడాది తర్వాత ఒక బండి పోతే ఫుటేజీ చూద్దామని కూర్చున్నాం. ఒకటి గాలివానకి తిరిగిపోయి చింతచెట్టుని చూస్తోంది. రెండోదాని అద్దం మీద సాలెగూడు. రాత్రిపూట దాని లోపలి వెలుతురుకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. మూడోదాంట్లో బండి లైటు తెల్లగా పేలిపోయి నంబరు కనపడలేదు. నాలుగోది బానే పనిచేసింది గాని డిస్కులో పన్నెండు రోజులే నిలవ ఉంటోంది, బండి పోయి పదిహేను రోజులైంది. జనం ఎక్కువ వచ్చే వ్యాపారాలు, సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు ఉంచాలని 2013లోనే రాష్ట్రంలో చట్టం చేశారు. వీధుల్లో మనం పెట్టుకునేవాటికి ఆ లెక్క అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం మా అబ్బాయి నిచ్చెనేసి అద్దాలు తుడుస్తున్నాడు.

మూడు లాంతర్లు | బుధవారం, ఉదయం 10:10

మా పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను రోజు మాత్రం ఏ కెమెరా అక్కర్లేదు. ముందు రోజు తొలేళ్ళ నాటికే చుట్టాలు దిగుతారు. మా ఇంట్లో హాలు, మేడ, మెట్లు అన్నీ చాపలే. దొంగొచ్చినా పడుకోడానికి చోటు దొరకదు.

అయ్యకోనేరు గట్టు | బుధవారం, ఉదయం 10:25

ఇంట్లో సరే, జనంలో మాట చెప్పండి. కోట దగ్గర ఆ తోపులాటలో ఎవరి చెయ్యి ఎవరి మెడ మీద ఉందో తెలీదు. అమ్మవారికి దణ్ణం పెట్టడానికి రెండు చేతులూ పైకెత్తుతాం, గొలుసు అప్పుడే పోతుంది. మా అమ్మ పసుపుతాడు ఒక్కటే ఉంచుకుని మిగతావి తీసి రమ్మనేది.

లెక్కల మేష్టారు | బుధవారం, మధ్యాహ్నం 2:30

తలుపుల గురించి ఇంత మాట్లాడుకున్నాం. మా అపార్ట్‌మెంట్ లో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడి తలుపుకి గీత కూడా పడలేదు. మా బావమరిది. ట్రాఫిక్ చలానా అని వాట్సాప్ లో ఏపీకే ఫైలు వస్తే నొక్కాడు. మెసేజీలు చదివే అనుమతి అడిగితే ఇచ్చాడు. అరగంటలో జీతం డబ్బు పోయింది. పరువు పోతుందని రెండు రోజులు నాకే చెప్పలేదు. అదే గంటలో సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఉంటే డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపించే అవకాశం ఉండేది.

కొత్త అద్దెదారు గారూ, మీ అమ్మగారు ఒంటరిగా ఉండే రాత్రుల గురించి అన్నారు కాబట్టి చెప్తున్నా. పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటే కట్ చెయ్యమనండి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు.

రిటైర్డ్ రైటర్ | బుధవారం, సాయంత్రం 5:40

ఒకటి మర్చిపోయాను. ఊరెళ్ళేటప్పుడు ఎల్‌హెచ్ఎంఎస్ అని పోలీసు యాప్ ఉంది, తాళం వేసిన ఇళ్ళ మీద నిఘాకి. ముందే పేరు నమోదు చేసుకుని, వెళ్ళే తేదీలు ఇవ్వాలి. పోలీసులు వచ్చి ఇంట్లో చిన్న కెమెరా పెడతారు, కదలిక ఉంటే వాళ్ళకి అలారం వెళ్తుంది. డబ్బు తీసుకోరు. భోగి ముందు రోజు రాత్రి గుర్తొస్తే లాభం లేదు, ముందుగా అడగండి.

గంజాయి సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. ఏజెన్సీ మనకి దగ్గర, రైలు జంక్షన్ మన ఊళ్ళోనే. వీధి చివర పాడుబడ్డ ఇంట్లో కుర్రాళ్ళు రోజూ చేరుతుంటే పిల్లలున్నవాళ్ళు పట్టించుకోవాలి. 1972కి చెప్పొచ్చు, గంజాయి, డ్రగ్స్ అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ళ నంబరు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు పక్కన ఖాళీ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోండి.

కొత్త అద్దెదారు | ఆదివారం, రాత్రి 9:55

అందరికీ మళ్ళీ నమస్కారం. శుక్రవారం వచ్చి రెండు రాత్రులు లాడ్జిలో ఉండి మీరు చెప్పినట్టే తిరిగాను. బ్రోకరు లేకుండా. రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి, తెల్లవారుజామున అయిదుకి ఒకసారి. రెండోసారి వెళ్ళినప్పుడు ఒకాయన గేటు దగ్గర నిలబెట్టి "ఎవరు కావాలి?" అని గట్టిగానే అడిగాడు. నన్నే దొంగ అనుకున్నట్టున్నాడు. ఆ వీధి అప్పుడే నచ్చింది.

బ్రోకరు మొదటి రోజు చూపించినవాటిలో పెద్ద ఇల్లు వదిలేశాను. పగలు బాగుంది, రాత్రి చూస్తే రెండు పక్కలా ఖాళీ ప్లాట్లు, ఒక స్తంభానికి దీపమే లేదు. తీసుకున్నది రెండు గదుల వాటా. ఏ ఏరియానో ఇక్కడ రాయను, రైటర్ గారు కూడా అదే అంటారు. కింద వాటాలో ఓనరు గారి అత్తగారు ఉంటారు. డెబ్భై దాటిన మనిషి. అయిదింటికి లేచి కళ్ళాపి చల్లుతున్నారు. నేను నిలబడి చూస్తుంటే "ఏటి నాన్నా, ఇల్లు చూడ్డానికొచ్చావా, ఇప్పుడా?" అన్నారు. మేం ఊరెళ్తే మా మెట్ల దగ్గర కూడా ముగ్గు వేస్తారా అని అడిగాను. "నాలుగు గీతలు గీయడానికి అడగాలేటి" అని నవ్వారు.

వీధి మలుపులో ఇడ్లీ బండి లేదు, బజ్జీల బండి ఉంది. తొమ్మిదిన్నరకి నూనె దించేస్తాడట. మా ఆవిడ బస్సు తొమ్మిది ఇరవైకి. పది నిమిషాలు ఆలస్యమైతే ఏంటో ఇంకా ఆలోచించలేదు.

ఒక్కటే చిక్కు. తలుపు గొళ్ళెం చూశాను. మూడు స్క్రూలే, అయ్యకోనేరు గట్టు గారు చెప్పినట్టు గోరంత. మార్చమంటే ఓనరు "ఇరవై ఏళ్ళుగా ఉంది సార్, ఏమైంది" అంటున్నారు. ఖర్చు నాదే అన్నాను, సరే అన్నారు. మంచి గొళ్ళెం, పొడుగు స్క్రూలు ఎక్కడ దొరుకుతాయి? వడ్రంగి ఎంత అడుగుతాడు?

మూడు లాంతర్లు | ఆదివారం, రాత్రి 10:08

గంటస్తంభం చుట్టూ ఇనుప సామాన్ల కొట్లు అడగండి. స్క్రూలు కాదు, తలుపుకి అవతల వైపు నట్టు బిగించే బోల్టు అడగండి. వడ్రంగి మీ యాస విని ఒక ధర చెప్తాడు, దానికి సగంలో మొదలుపెట్టండి.

అయ్యకోనేరు గట్టు | ఆదివారం, రాత్రి 10:15

వెనక తలుపు గొళ్ళెం కూడా చూశారా?

కొత్త అద్దెదారు | ఆదివారం, రాత్రి 10:17

లేదండీ. రేపు పొద్దున్న చూస్తాను.